దామెర్ల రామారావుగారు

పెన్న యెండిన నెలలే హెచ్చుగా జూచు మన పామిడి బాలురకు, నిండుగోదావరి చెంత బెరిగిన యీ చిత్రకారుని చరిత్రము వింతగా దోచవచ్చును. రామారావుగారు 1897లో రాజమహేంద్రవరమున జన్మించిరి. అచ్చటి కళాశాలాధ్యక్షులగు కూల్డ్రేదొరగారు వారి నేర్పును గనిపెట్టి, పరుల పటములకు నకళ్లు వ్రాయుట మాన్పించి, చుట్టునున్న జనులను జూచి వ్రాయ బ్రోత్సహించిరి. ద్రవ్యసాహాయ్యమొనర్చి బొంబాయి చిత్రకళాశాలకును బంపిరి. చదువు ముగించి స్వస్థలము జేరి, రామారావుగారు చిత్రకళాశాలను స్థాపించి యువకులకు నేర్పిరి. కృష్ణుని వ్రాసినను, సిద్ధార్థుని వ్రాసినను, వారి కుంచెకు దొరకినవి తెలుగింటి మొగములే. పుష్పాలంకరణమను పటమునందలి పడతులను మన మెక్కడనో చూచినట్లే యుండును. మాకిదియే మిక్కిలి నచ్చినది. 1925లో మసూచి సోకి, 28 ఏండ్లు నిండకయే గతించిరి. భార్య సత్యవాణిగారును మిత్రులును పటములను చెల్లాచెదరు కానీయలేదు. అవి రాజమహేంద్రవరమున వారి పేరిటి చిత్రశాలలో నేటికిని గలవు.