సినిమా విద్యకు ఆస్తి ధారపోసిన బందరు వాసి

తెలుగు సినిమాకు పితామహుడని పేరుపొందిన రఘుపతి వెంకయ్య నాయుడు మన బందరులో పుట్టినవారు. సినిమా తీయడం నేర్పే బడి మన దేశంలో ఎక్కడా లేని రోజుల్లో ఆ పని నేర్చుకు రమ్మని ఆయన తన కొడుకును ఇంగ్లండు పంపారు. ఆ చదువుకూ, తిరిగి వచ్చాక కొడుకు చేత చిత్రాలు తీయించడానికీ జీవితమంతా సంపాదించినది ఖర్చు పెట్టారు. 1941లో కన్నుమూసేనాటికి ఆయన కట్టించిన సినిమా హాళ్లు ఆయన చేతిలో లేవు. ఆ డబ్బుతో వచ్చిన విద్య మాత్రం తెలుగుదేశానికి దక్కింది.

ఫొటోగ్రాఫరుగా మొదలు

వెంకయ్య చిన్న వయసులోనే బందరు విడిచి మద్రాసు చేరారు. అక్కడ ఫొటోలు తీయడంలో చేయి తిరిగినవారై, మౌంట్ రోడ్డులో సొంతంగా స్టూడియో పెట్టారు. ఆ రోజుల్లో ఫొటో తీయించుకోవడం కలవారింటి ముచ్చట. మౌంట్ రోడ్డు ఇంగ్లీషు దొరల వ్యాపారాలకు నిలయం. అలాంటి చోట ఒక తెలుగువాడు నిలదొక్కుకోవడం సామాన్య విషయం కాదు.

స్టూడియో బాగా సాగుతుండగానే ఆయన మనసు కదిలే బొమ్మల మీదికి మళ్లింది. 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ అనే విదేశీ యంత్రం మద్రాసుకు వచ్చింది. ఒక పక్క తెర మీద బొమ్మ ఆడుతుంటే, మరో పక్క గ్రామఫోను ప్లేటు మీద పాట తిరిగేది. రెండూ కలిసి నడిస్తే బొమ్మే పాడుతున్నట్టు ఉండేది. హాలు చివర కూర్చున్నవారికి కూడా వినిపించేందుకు గాలిని ఒత్తిడితో పంపి శబ్దం పెంచేవారు. బొమ్మ ముందుకు పోయినా, ప్లేటు వెనకబడినా ఆట రసాభాసే. అందుచేత నడిపేవాడికి ఒడుపు తెలియాలి.

ఈ యంత్రం ఖరీదు 30,000 రూపాయలు. ఆ కాలంలో అది పెద్ద ఆస్తి కిందే లెక్క. వెంకయ్య తన స్టూడియోను తాకట్టు పెట్టి దాన్ని కొన్నారు. యంత్రం నడపడం నేర్చుకుని మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ఆటలు వేశారు. తరువాత డేరాలు, సామాను వెంట పెట్టుకుని ఊరూరా తిరిగారు. బెంగుళూరు వెళ్లారు. సముద్రం దాటి సింహళం, బర్మా కూడా వెళ్లి బొమ్మలు చూపించి వచ్చారు.

తిరుగుడు చాలించి ఒకచోట హాలు కట్టాలనుకున్నారు. మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ థియేటర్ కట్టించారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టించిన తొలి సినిమా హాలు అదే. తరువాత మింట్ ప్రాంతంలో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్ కట్టించారు. ఈ గ్లోబే తరువాతి కాలంలో రాక్సీ అయింది. మూడు హాళ్లూ జనంతో కళకళలాడేవి. వాటి మీద వచ్చే ఆదాయంతో ఆయన హాయిగా కాలం గడపవచ్చు. ఆయన అలా ఊరుకోలేదు.

కొడుకు చదువు

హాళ్లలో ఆడేవన్నీ ఎక్కువగా విదేశాల బొమ్మలే. మన కథలు మనమే తీసుకోవాలని వెంకయ్య పట్టుబట్టారు. అయితే తీసేదెవరు? ఫొటోలు తీసిన అనుభవం దానికి చాలదు. అందుకని కొడుకు సూర్యప్రకాశ్‌ను ఇంగ్లండు పంపారు. లండన్ శివార్లలోని ఈలింగ్‌లో బార్కర్ సంస్థ స్టూడియో ఉండేది. ప్రకాశ్ అక్కడ పని నేర్చుకున్నాడు.

అప్పటి సినిమా విద్య పుస్తకాలతో వచ్చేది కాదు. కెమెరాకు చేతితో తిప్పే పిడి ఉండేది. దాన్ని హెచ్చుతగ్గులు లేకుండా ఒకే వేగంతో తిప్పాలి. చేయి తడబడితే తెర మీద మనుషులు పరుగులు పెడతారు. ఎండ ఎటునుంచి పడుతుందో చూసుకుని నటులను నిలబెట్టాలి. తీసిన ఫిలిమును చీకటి గదిలో మందునీళ్లలో కడగాలి. కాపీలు తీయాలి, ముక్కలు కత్తిరించి కథ వరుసలో అతకాలి. ఇవన్నీ తెలిసినవాడి పక్కన నిలబడి, చూసి, చేసి నేర్చుకోవలసిన పనులే.

ప్రకాశ్ తిరిగి వచ్చాక తండ్రీకొడుకులు మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే కంపెనీ స్థాపించారు. 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. దర్శకత్వం ప్రకాశ్‌దే, భీష్ముడి వేషమూ అతనిదే. గంగ పాత్రకు మన స్త్రీలు ముందుకు రాకపోవడంతో పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి ఆ వేషం వేసింది. మాట లేని చిత్రమే అయినా తెలుగువారు తీసిన తొలి కథాచిత్రంగా దానికి పేరు నిలిచింది. తెలుగు తెర మాట్లాడింది మరో పదకొండేళ్లకు, 1932లో 'భక్త ప్రహ్లాద'తో.

పోయినదేమిటి, మిగిలినదేమిటి

చిత్రాలు తీయడమంటే డబ్బును నీళ్లలా పోయడమే. వచ్చిన ఆదాయం పెట్టిన ఖర్చుకు సరిపోలేదు. అప్పులు పెరిగాయి. కట్టించిన హాళ్లు ఒకటొకటిగా చేజారాయి. చివరి రోజుల్లో వెంకయ్యకు పూర్వపు వైభవం లేదు.

అయితే ఆ కంపెనీ పని నేర్పే బడిగా కూడా ఉపయోగపడింది. కాకినాడకు చెందిన చిత్తజల్లు పుల్లయ్య అక్కడే చేరి పని నేర్చుకున్నారు. ఊరికి తిరిగి వెళ్లి మూకీ చిత్రం తీశారు. ఆయనే 1934లో 'లవకుశ' తీశారు. సీతగా శ్రీరంజని నటించిన ఆ చిత్రం చూడడానికి పల్లెల నుంచి జనం ఎడ్లబండ్లు కట్టుకుని పట్టణాలకు తరలివచ్చారు. ఇంగ్లండులో ప్రకాశ్ నేర్చిన పని పుల్లయ్య చేతిమీదుగా ఆ పల్లె జనం కళ్లముందుకు వచ్చినట్టే.

వెంకయ్య పోయిన నాలుగేళ్లకు, 1945లో మద్రాసులోనే పాలిటెక్నిక్ విద్యలో భాగంగా సినిమా శిక్షణ మొదలైంది. 1960లో పూనాలో కేంద్ర ప్రభుత్వం ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. 1974లో టెలివిజన్ శిక్షణ కూడా దానిలో చేరింది. కెమెరా, శబ్దం, కూర్పు, దర్శకత్వం అక్కడ విడివిడిగా నేర్పుతారు. ఆ పని నేర్వాలనుకునే పల్లెటూరి కుర్రవాడు ఇల్లు తాకట్టు పెట్టి ఓడ ఎక్కనక్కరలేదు. ప్రవేశ పరీక్షకు కూర్చుంటే చాలు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో వెంకయ్య పేరిట సినీరంగ పెద్దలకు అవార్డు నెలకొల్పింది. తొలి అవార్డు ఎల్.వి. ప్రసాద్‌కు దక్కింది. ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి బొంబాయి వెళ్లి, స్టూడియోలలో చిన్న చిన్న పనులు చేస్తూ సినిమా నేర్చుకున్న మనిషి ఆయన. బడి లేని రోజుల్లో కష్టపడి విద్య సంపాదించినవారికే ఆ తొలి గౌరవం అందింది.