ఒంటరిగా నడిచిన మనిషి: రాబర్ట్ బ్రూస్ ఫుట్



పేరెంట్స్ మీటింగ్ జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు అదే దిగులు చెప్పుకుంటారు. తమ పిల్లవాడు ఎవరితోనూ కలవడనీ, ఇంటర్వెల్‌లో కూడా ఒక్కడే కూర్చుని ఏదో గీసుకుంటాడనీ, రేపు ఉద్యోగంలో ఎలా నెగ్గుకొస్తాడో తెలియడం లేదనీ. వాళ్ళందరి కోసం ఈ నెల ఒక మనిషి జీవితం చెప్పాలనుకున్నాను.

మనలో చాలామంది పిల్లల్ని బెలుం గుహలకు తీసుకెళ్ళే ఉంటారు. ఆ గుహలను 1884లో శాస్త్రలోకం దృష్టికి తెచ్చిన భూగర్భ శాస్త్రవేత్త పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఆయన 1834లో ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు. 24 ఏళ్ళ వయసులో, 1858లో, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరి మద్రాసు వచ్చారు. ఎక్కడ ఏ రాయి ఉందో, ఏ పొర కింద ఏ పొర ఉందో చూసి మ్యాపు గీయడం ఆ శాఖ పని. వానలు వెనకబడి నేల ఆరగానే బయలుదేరాలి. డేరా, ఎద్దుల బండి, గుర్రం, సుత్తి, నోటు పుస్తకం. నెలల తరబడి అదే ఇల్లు. మళ్ళీ వానాకాలం వస్తే ఆఫీసులో కూర్చుని మ్యాపులు, రిపోర్టులు తయారుచేయాలి. శాఖ ప్రధాన కార్యాలయం ఎక్కడో కలకత్తాలో ఉండేది. ఈ రోజు ఏ గుట్ట ఎక్కాలి, ఏ వాగు వెంట నడవాలి అన్నది చాలావరకు ఆయనే తేల్చుకోవాలి.

ఉద్యోగంలో చేరిన అయిదో ఏట, 1863 మే 30న, మద్రాసు దగ్గర పల్లావరంలో కంకర మధ్య ఒక రాయి ఆయన కంట పడింది. అది దానంతట అది పగిలిన రాయి కాదు. మనిషి చేత్తో చెక్కిన రాతి గొడ్డలి. అలాంటి రాళ్ళు అతి ప్రాచీన మానవుల పనిముట్లేనని యూరప్ పండితులు ఒప్పుకుని అప్పటికి నాలుగేళ్ళే అయింది. మన దేశంలో అంత పాత మనుషులు ఉండేవారని చూపిన తొలి ఆధారాల్లో అది ముఖ్యమైనది. అదే ఏడాది ఆయన, తోటి ఉద్యోగి విలియం కింగ్ కలిసి అత్తిరంపాక్కంలో మరిన్ని పనిముట్లు కనుగొన్నారు. నిజానికి పనిముట్లు వెతకడం ఆయన డ్యూటీ కాదు. తొందరపెట్టేవాళ్ళు లేని నడకలో కన్ను నేల మీద ఉంది కాబట్టి కనబడింది.

ఇక మన ప్రాంతం సంగతి. ఆ రోజుల్లో ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా భూగర్భం మీద ఫుట్ రాసిన పుస్తకం 1895లో వచ్చింది. బళ్లారి వైపు అక్కడక్కడా పెద్ద పెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అని జనం చెప్పుకునేవారు. ఫుట్ వాటిని పరీక్షించి, అది కాలిన పశువుల పేడ అనీ, రాతి గొడ్డళ్ళ కాలం నాటి పశుపాలకులు మిగిల్చిందనీ తేల్చారు.

1884లో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో తవ్వకాలు మొదలుపెట్టారు. సైన్యంలో పనిచేసే కొడుకు హెన్రీ ఆ తవ్వకాలు కొనసాగించాడు. ఎన్నో జంతువుల ఎముకలు దొరికాయి. వాటిలో ఒక ఖడ్గమృగానికి శాస్త్రజ్ఞులు కర్నూలు పేరే పెట్టారు. ఎముకతో చేసిన పనిముట్లు కూడా ఉన్నాయని తండ్రీకొడుకులు చెప్పారు. చాలాకాలం అది తేలని విషయంగానే ఉండిపోయింది.

ఆ బతుకు తేలికైనది కాదు. ఏడాదిలో సగం ఇంటికి దూరం. మొదటి భార్య 1870లోనే చనిపోయారు. 33 ఏళ్ళ సర్వీసు తర్వాత 1891లో రిటైరై బరోడా, మైసూరు సంస్థానాలకు పనిచేశారు. ఆఖరి ఏళ్ళు ఏర్కాడులో గడిపారు. జీవితమంతా ఏరిన వస్తువులను 1904లో మద్రాసు మ్యూజియం తీసుకుంది. ఏది ఏ ఊళ్ళో దొరికిందో వివరాలతో కేటలాగు తయారుచేస్తూ, అది అచ్చులో చూడకుండానే 1912 డిసెంబరు 29న కన్నుమూశారు. ఆ కేటలాగు 1914, 1916లలో వెలువడింది.

తర్వాత జరిగింది గమనించండి. 1957లో మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఉట్నూరులో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త బూడిద దిబ్బను తవ్వితే, బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి బేతంచెర్ల ప్రాంతపు గుహల్లో తవ్వితే ఎముక పనిముట్లు దొరికాయి. బెలుం గుహలను 1982, 83లలో జర్మన్ బృందం వివరంగా సర్వే చేసింది. అన్నీ ఫుట్ పోయిన ఎన్నో ఏళ్ళకు జరిగినవే.

ఇది ఎలా సాధ్యమైంది? ఒంటరిగా పనిచేసేవాడి మాటకు పక్కన సాక్షి ఉండడు. రాసిపెట్టిందే సాక్ష్యం. ఎక్కడ చూశాడో, ఏం చూశాడో ఫుట్ స్పష్టంగా రాశారు కాబట్టే తర్వాతి వాళ్ళు అదే దారిలో వెళ్ళి సరిచూడగలిగారు. ఆయన మనుషులకు దూరంగా బతకలేదు కూడా. బండి తోలేవాళ్ళు, దారి చూపిన ఊరివాళ్ళు, కింగ్ లాంటి తోటివాళ్ళు లేకుండా ఆ పని సాగేది కాదు. గుంపులో ఉండక్కర్లేదు గానీ, చూసింది నలుగురికీ అర్థమయ్యేలా చెప్పగలగాలి.

అందుకే నా విన్నపం. నెమ్మదిగా ఉండే పిల్లవాణ్ణి పదిమందిలోకి తోయడానికి పడే కష్టంలో సగం, వాడు చూసింది రాయించడానికి పడదాం. తొలకరి వానలకు తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం నేల వెతుకుతారు కదా. ఈ ఆదివారం మీరూ పిల్లలతో ఊరి బయటికి నడవండి. ఒక రాయి తీసుకుని, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎలా ఉంది అని నోటు పుస్తకంలో నాలుగు వాక్యాలు రాయించండి. ఆ పుస్తకం స్కూలుకు పంపితే నేను చూస్తాను.

ఈ దారి నేటికీ ఉంది. జియాలజీలో ఎమ్మెస్సీ చేసినవారు యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి ఫుట్ పనిచేసిన శాఖలోనే చేరవచ్చు. నెమ్మదస్తులందరూ జియాలజిస్టులు కావాలని కాదు. అలాంటి స్వభావానికి సరిపడే పనులు ఉన్నాయని మనకు తెలిస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. మొదటి నుంచీ ఏకాంతం ఇష్టపడే బిడ్డ వేరు, నిన్నటిదాకా నవ్వుతూ తిరిగి ఉన్నట్టుండి మూగబోయిన బిడ్డ వేరు. రెండోది కనిపిస్తే మీటింగ్ దాకా ఆగకండి. వెంటనే వచ్చి మాట్లాడండి.