డబ్లినులో మన బరంపురం విద్యార్థి

విదేశాలకు చదువుకొనబోయిన మన పిల్లలు తిరిగి వచ్చి అక్కడ చూచిన వింతలు చెబుతుంటారు. ఒకరు స్పెయిను దేశంలో ఎద్దుల పోరు చూచామనీ, జనం కేకల నడుమ ఇసుకమీద పడిన రక్తం చూడలేక తల తిప్పుకున్నామనీ అంటారు. నూరేండ్లకు పూర్వం మన బరంపురం నుండి వెళ్ళిన ఒక విద్యార్థి చదువుకున్న ఊళ్ళో చిందినది మాత్రం మనుష్యుల రక్తం. ప్రాణాలిచ్చిన వారిలో ఆయన గురువు కూడా ఉన్నారు. గోసాని నువాగాంలో ఉగాది పచ్చడి పంచుకునే ఈ వేళ ఆ కథ మన పిల్లలకు చెప్పదలచాము.

శ్రీ వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. నాటికి గంజాం మద్రాసు రాజధానిలోనిది. తండ్రి జోగయ్య పంతులుగారు వకీలు, కాంగ్రెసువాది. తల్లి సుభద్రమ్మగారు తరువాత స్వాతంత్ర్యోద్యమంలో నిలిచి అరెస్టయిన ధీరురాలు.

1913లో గిరిగారు న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు రాజధాని డబ్లిను చేరారు. ఆ ఏడే అక్కడ యజమానులు వేలాది కార్మికులను పనిలోకి రానివ్వక తలుపులు మూశారు. నెలల తరబడి పిల్లాపాపలతో పస్తులున్న ఆ కూలిజనానికి నాయకులు లార్కిన్, కానోలీ. మరుసటి ఏడు గిరిగారు లండనులో గాంధీగారిని కలిశారు. యుద్ధంలో గాయపడినవారికి సేవ చేయడానికి రమ్మని గాంధీగారు కోరితే మొదట ఒప్పుకుని, తరువాత మనసొప్పక విరమించుకున్నారు.

కాలేజీలో ఆయనకు ఇంగ్లీషు చెప్పినవారిలో మాక్‌డొనా అనే కవి ఒకరు. 1916 ఏప్రిల్ 24న, ఈస్టరు సోమవారంనాడు, ఐరిష్ వీరులు ఆంగ్లేయులపై తిరగబడ్డారు. వారం తిరక్కుండానే తిరుగుబాటు అణగిపోయింది. మే 3న మాక్‌డొనాను కాల్చివేశారు. గాయాలతో నిలబడలేని కానోలీని మే 12న కుర్చీకి కట్టి కాల్చారు. మొన్నటిదాకా పాఠం చెప్పిన గొంతు ఇక వినబడదని తెలిసిన ఆ కుర్రవాని మనసెట్లుండెనో మనమే ఊహించుకోవాలి. భారత విద్యార్థులపైనా పోలీసుల కన్ను పడింది. దేశం విడిచి పొమ్మని గిరిగారికి ఉత్తరువు వచ్చింది. జూన్‌లో బారిస్టరు పట్టా పుచ్చుకుని, బి.ఏ. పూర్తి కాకుండానే ఇల్లు చేరారు.

అంత రక్తపాతం జరిగిన ఊరినుండి వచ్చిన యువకుడు పగతో రగిలి తుపాకి పట్టవచ్చును. గిరిగారు పట్టినది సంఘం. కూలివానిని కూడగట్టిన కానోలీ పనే ఆయనను ఎక్కువగా ఆకట్టుకున్నది. వకీలు వృత్తి విడిచి సహాయ నిరాకరణోద్యమంలో దిగారు, జైలుకు వెళ్ళారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు సంఘం పెట్టి, 1928లో వారి సమ్మెను హింస లేకుండా నడిపారు. ఆ రైలు పనివారిలో తెలుగు, ఒరియా, బెంగాలీలు అందరూ ఉన్నారు. ఆకలికి భాషాభేదం లేదని ఆయనకు తెలుసు.

1952లో కేంద్రంలో కార్మికమంత్రి అయి, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవి వదులుకున్నారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి రాష్ట్రపతి అయ్యారు. 1975లో భారతరత్న పొందారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

1936లో గంజాం ఒరిస్సాలో చేరింది. మనము ఇక్కడే ఉండి తెలుగు మాట్లాడుకుంటూ ఒరియావారితో కలసి బ్రతుకుతున్నాము. మన బిడ్డలు రేపు ఏ దేశం వెళ్ళినా వింతలు చూచి రావడం తప్పు కాదు. అక్కడివారి కష్టం కూడా ఒకింత చూచి వస్తే, గిరిగారు పుట్టిన ఊరి బిడ్డలనిపించుకుంటారు. అందరికీ మా ఉగాది శుభాకాంక్షలు.