చదివింది ఎంత, తెలిసింది ఎంత? రమణ మహర్షి జీవితం చెప్పే జవాబు

ఈ వారం వీడియోలో అరుణాచల గిరిప్రదక్షిణ గురించి చెప్పుకున్నాం కదా. అక్కడికి పదహారేళ్ల వయసులో వచ్చి, దాదాపు 54 ఏళ్లు మళ్లీ ఆ కొండను వదలని రమణ మహర్షి గురించి వీడియోలో రెండు ముక్కలే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

దానికంటే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. పోయిన ఏడాది మా నానమ్మ మంచాన పడింది. ఒక శనివారం ఊరెళ్లి పక్కన కూర్చున్నాను. నేను పోయాక ఏమైపోతానురా నాన్నా అని అడిగింది. అప్పటికి ఆత్మ మీద రెండు వీడియోలకు స్క్రిప్ట్ రాసి ఉన్నానేమో, గడగడా చెప్పేశాను. శరీరమే పోతుంది, ఆత్మకు చావు లేదు అని. అంతా విని, ఇది నీకు తెలుసా, లేక చదివావా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పది రోజులకు ఆవిడ వెళ్లిపోయింది. ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఆఫీసులో మాకు ఈ తేడా రోజూ కనిపిస్తుంది. సిస్టమ్ ఇలా పనిచేస్తుందని డాక్యుమెంట్‌లో చదివి చెప్పేవాళ్లు ఉంటారు, రన్ చేసి లాగ్స్ చూసి చెప్పేవాళ్లు ఉంటారు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే రెండోవాళ్లనే లేపుతాం. మరి ఆత్మ విషయంలో రన్ చేసి చూసినవాళ్లు ఎవరు అని వెతికితే నాకు మొదట దొరికిన పేరు రమణ మహర్షి.

ఆయన అసలు పేరు వేంకటరామన్. 1879 డిసెంబర్ 30న తమిళనాడులోని తిరుచ్చుళిలో పుట్టారు. నాన్నగారు సుందరం అయ్యర్ ప్లీడరు. అమ్మ అళగమ్మాళ్. 1892లో నాన్నగారు పోవడంతో, అన్నయ్య నాగస్వామితో పాటు మధురలో బాబాయి సుబ్బయ్యర్ ఇంట్లో పెరిగారు. అమెరికన్ మిషన్ హైస్కూల్లో చదువు. పుస్తకాల కంటే ఆటల మీదే ధ్యాస. అప్పటికి ఆయన చదివిన భక్తి గ్రంథం అంటే పెరియపురాణం, శివభక్తుల కథలు. వేదాంతం, ఉపనిషత్తులు ఏమీ తెలియవు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1896 జూలై. మధుర ఇంట్లో మేడ గదిలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఉన్నట్టుండి చచ్చిపోతున్నానన్న భయం పట్టుకుంది. మనమైతే ఏం చేస్తాం? ఎవరినైనా కేకేస్తాం, లేదా ఫోన్ తీసి గుండెపోటు లక్షణాలు వెతుకుతాం. ఆ కుర్రాడు చావు అంటే ఏమిటో చూద్దామనుకున్నాడు. పడుకుని, కాళ్లూ చేతులూ శవంలా బిగబట్టి, ఊపిరి ఆపి, పెదాలు మూసేశాడు. ఈ శరీరం పోయిందనుకుందాం, దీన్ని శ్మశానానికి మోసుకెళ్లి కాల్చేస్తారు, మరి దీంతో నేను కూడా పోయానా అని లోపలికి చూశాడు. శరీరం కట్టెలా పడి ఉంది. నేను అన్నది మాత్రం పోలేదు, స్పష్టంగా ఉంది. చావు భయం ఆ రోజుతో సరి. ఆ ఎరుక మళ్లీ ఆయన్ను వదల్లేదు.

ఆ తర్వాత చదువు మీద మనసు నిలవలేదు. ఆగస్టు 29న, ఇంపోజిషన్‌గా ఇచ్చిన ఇంగ్లీషు గ్రామర్ పాఠం రాస్తూ రాస్తూ పక్కన పెట్టేసి కళ్లు మూసుకున్నాడు. ఇలాంటివాడికి ఈ ఇల్లూ ఈ చదువూ ఎందుకని అన్నయ్య మందలించాడు. మాట నిజమే అనిపించింది. అన్నయ్య కాలేజీ ఫీజు కోసం ఇచ్చిన 5 రూపాయల్లో 3 తీసుకుని, మిగతా 2 చీటీతో పాటు పెట్టి బయల్దేరాడు. ఆ చీటీ నేను అని మొదలవుతుంది, మధ్యలో నేను పోయి ఇది అని మారుతుంది, చివర్లో సంతకం ఉండాల్సిన చోట గీత మాత్రమే ఉంటుంది.

పాత అట్లాసులో చూసుకుని తిండివనానికి టికెట్ కొన్నాడు. తిరువణ్ణామలై మీదుగా అప్పటికే కొత్త రైలు మార్గం పడిందని ఆ అట్లాసులో లేదు. ఆ సంగతి రైల్లో ఒక మౌల్వీ చెప్పాకే తెలిసింది. దారిలో చెవి పోగులు తాకట్టు పెట్టి, కొంత దూరం నడిచి, సెప్టెంబర్ 1న అరుణాచలేశ్వరుడి ముందు నిలబడ్డాడు. మిగిలిన డబ్బులు కోనేట్లో పారేశాడు.

ఆ తర్వాత పాతాళలింగం గుహలో, గురుమూర్తంలో, పవళకున్రులో, 1899 నుంచి కొండ మీద విరూపాక్ష గుహలో మౌనంగా ఉన్నారు. సేవ చేసే పళనిస్వామి ఊళ్లోంచి వేదాంత పుస్తకాలు తెచ్చి, అర్థం కాక తంటాలు పడుతుంటే, ఆయనే చదివి వివరించేవారు. తాను మేడ గదిలో చూసిందానికే ఆ పుస్తకాల్లో పేర్లు పెట్టారని అప్పుడు అర్థమైంది. అంటే ఆయనకు ముందు అనుభవం, తర్వాత పుస్తకం. నాది రివర్స్. నాకు పుస్తకం దగ్గరే ఆగిపోయింది.

ఇక్కడ మన తెలుగువాడు వస్తాడు. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన అయ్యల సోమయాజుల గణపతి శాస్త్రి. నవద్వీపం పండితుల సభలో ఆశువుగా కవిత్వం చెప్పి కావ్యకంఠ బిరుదు పొందినవాడు. ఏళ్ల తరబడి మంత్రజపం చేసినవాడు. అయినా తపస్సు అంటే ఏమిటో తనకు తెలియలేదన్న బాధతో 1907 నవంబర్ 18న విరూపాక్ష గుహకు వచ్చి ఆ కుర్ర స్వామి పాదాలు పట్టుకున్నారు. అప్పుడు ఆయనకు 29 ఏళ్లు, దాదాపు నా వయసు. నేను అన్న తలంపు ఎక్కడ పుడుతోందో, జపిస్తున్న మంత్రం ఎక్కడి నుంచి వస్తోందో గమనించమని, అదే తపస్సని స్వామి చెప్పారు. భగవాన్ శ్రీ రమణ మహర్షి అన్న పేరు పెట్టింది ఈ గణపతి మునే. అంత చదివినవాడు నాకు తెలియలేదు అని ఒప్పుకోవడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

మీకో డౌట్ రావచ్చు. ఒక కుర్రాడికి కలిగిన అనుభవం మనకెలా రుజువు అవుతుంది? అవ్వదు. అది ఆయనకు తెలిసింది, మనం విన్నది. అందుకే ఆయన నమ్మమని చెప్పకుండా నేనెవరు అన్న ప్రశ్న చేతికిచ్చి, మీరే చూసుకోమన్నారు. నేను ఉన్నాను అన్నది మాత్రం ఏ పుస్తకం చెప్పకపోయినా మనకు తెలుసు. మొదలుపెట్టడానికి అది చాలు.

1916లో అళగమ్మ గారు కొడుకు దగ్గరికి వచ్చేశారు. 1922 మే 19న ఆవిడ ఆఖరి రోజు. రమణులు ఒక చెయ్యి తల్లి గుండె మీద, ఇంకో చెయ్యి తల మీద పెట్టి, రాత్రి ఎనిమిదింటికి ప్రాణం పోయేదాకా గంటల తరబడి అలాగే కూర్చున్నారు. వేదాంతం బోధించలేదు. ఆయన ఎడమ చేతికి సార్కోమా వచ్చి 1949లో నాలుగు ఆపరేషన్లు జరిగాయి. అప్పుడూ దర్శనం ఆపనివ్వలేదు. 1950 ఏప్రిల్ 14 రాత్రి 8:47కి దేహం విడిచారు. మేడ గదిలో చూసింది నిజమో కాదో చివరిదాకా ఆ ఒంటి మీదే తేలింది.

నానమ్మ ఇప్పుడు అడిగితే, చదివాను, ఇంకా తెలియదు అని చెప్పి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. ఆ శనివారం నేను మాట్లాడుతున్నంతసేపూ నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి.

ఈ రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, మీకు నిజంగా తెలిసింది ఏమిటో ఒకసారి చూసుకోండి. నేనూ చూసుకుంటాను. వచ్చే వారం కలుద్దాం.

అరుణాచల శివ.