మైదానమే మదరసాగా బతికిన ఉస్తాద్ రహీం సాబ్

మానవునికి అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహాలలో ఆరోగ్యం గొప్పది. అది మన సొంత ఆస్తి కాదు, అమానత్. పగలంతా ఉపవాసాలతో, రాత్రంతా నమాజులతో శరీరాన్ని అలయగొట్టుకుంటున్న హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి)ను పిలిచి, నీ దేహానికి కూడా నీపై హక్కు ఉన్నదని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన సంగతి మనకు తెలిసిందే. ఆరాధనలోనే దేహపు హక్కును మరువరాదన్నప్పుడు, చదువు పేరిట పసివారి దేహాల హక్కును కాలరాయడం ఎంతవరకు న్యాయం? ఈ ప్రశ్నకు తన బతుకుతోనే జవాబు చెప్పిన ఒక తెలుగునాట ఉపాధ్యాయుని జీవితాన్ని ఈ శుక్రవారం స్మరించుకుందాం.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. లోకమంతా రహీం సాబ్ అని గౌరవంగా పిలుచుకున్నది. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లోనే మంచి ఫుట్‌బాల్ ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. బి.ఏ. పట్టా పుచ్చుకున్నవారికి ఆ కాలంలో సర్కారు కొలువులు దూరం కావు. రహీం సాబ్ మాత్రం బడిపంతులు వృత్తిని ఎంచుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలులో పనిచేశారు. కొంతకాలం పాఠాలు చెప్పిన తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా సాధించి, పిల్లల ఆటపాటల బాధ్యతను భుజాన వేసుకున్నారు. మన ఊళ్లలో డ్రిల్లు మాస్టరు అని పిలిచే ఆ ఉద్యోగమే ఆయన చేపట్టింది. చదువుకు ఎక్కువ, ఆటకు తక్కువ అనే లెక్క ఆయన వద్ద లేదు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ ఏడే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యారు. ఈ రెండు బాధ్యతలూ చివరి శ్వాస వరకు ఆయనతోనే ఉన్నాయి. ఆయన తీర్చిదిద్దిన పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచింది. అంతవరకు ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే దేశం హైదరాబాదు వైపు తిరిగి చూసింది.

ఆయన బోధనా పద్ధతిని గమనిస్తే అందులో అసలైన ఉపాధ్యాయుడు కనిపిస్తాడు. బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకుని తానొక్కడే మెరిసిపోదామనుకునే అలవాటును మాన్పించడానికి, బంతి అందగానే తోటివానికి ఇచ్చివేయాలనే నియమంతో పోటీలు పెట్టేవారు. బలహీనమైన కాలితో మాత్రమే తన్నాలనే పోటీలు కూడా నిర్వహించేవారు. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలిని, ఎడమకాలి వాటం గలవాడు కుడికాలిని సాధన చేయవలసిందే. ఆలోచిస్తే ఇవి ఆటకు మాత్రమే చెందిన పాఠాలు కావు. స్వార్థం విడిచి తోటివానికి పంచడం, మనలోని లోపాన్ని దాచిపెట్టక దిద్దుకోవడం విశ్వాసికి అవసరమైన గుణాలు కావా?

పేదరికం ప్రతిభకు అడ్డురాకూడదన్నది ఆయన పట్టుదల. సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు సాధనకు రావడానికి ప్రయాణ ఖర్చులు లేవంటే, సైకిలు అద్దెకు డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రవాడే తరువాత దేశం గర్వించదగిన ఆటగాడయ్యాడు. నూర్ ముహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ వంటి హైదరాబాదీలు కూడా ఆయన శిష్యులే. మతం, భాష, కులం ఆయన మైదానపు గీత దాటి లోపలికి రాలేదు.

1950లో భారత జట్టు బాధ్యత ఆయనకు దక్కింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో మన జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణం సాధించింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో గట్టి దెబ్బ తగిలింది. చలిదేశంలో మనవారు చాలామంది ఉత్తకాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. రహీం సాబ్ కుంగిపోలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అందుకున్న అత్యున్నత స్థానం ఇప్పటికీ అదే.

1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. తండ్రే శిక్షకుడు. అయినా ఆ పోటీల్లో ఒక్క మ్యాచ్‌లోనూ కొడుకుకు బరిలో దిగే అవకాశం దొరకలేదు. అయినవారికి ఆకుల్లోనూ కానివారికి కంచాల్లోనూ వడ్డించే రోజుల్లో న్యాయం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఈ ఒక్క ఉదంతం చాలు. 2021లో కన్నుమూసిన హకీం కూడా తండ్రి బాటలోనే శిక్షకుడిగా, అంతర్జాతీయ రిఫరీగా ఆటకు సేవ చేశారు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరంతో మంచం పట్టారు. దానికి తోడు భారత ప్రతినిధి ఒకరి మాటలపై ఆగ్రహించిన ఇండోనేషియా ప్రేక్షకులు మన జట్టుకు వ్యతిరేకంగా హోరెత్తించారు. ఫైనల్ ముందు రహీం సాబ్ కుర్రవాళ్లపై కేకలు వేయలేదు. స్వర్ణ పతకాన్ని తనకు కానుకగా ఇవ్వమని మాత్రం అడిగారని ఆటగాళ్లు తరువాత చెప్పుకున్నారు. కుట్లు పడిన జర్నయిల్ సింగ్‌ను వెనుక వరుస నుంచి ముందుకు పంపారు. సెప్టెంబరు 4న అదే కొరియాపై భారత్ 2-1తో గెలిచింది. ఒక గోలు పి.కె. బెనర్జీది, మరొకటి జర్నయిల్ సింగ్‌ది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం దక్కలేదు.

ఆ విజయానికి ఏడాది నిండక ముందే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్ రహీం సాబ్‌ను కబళించింది. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లే. చాలాకాలం మరుగున పడిన ఆ పేరు 2024లో వచ్చిన మైదాన్ చలనచిత్రంతో కొత్త తరానికి మళ్లీ వినిపించింది.

సోదరులారా! ఇప్పుడు మన ఇళ్లవైపు, మన బడులవైపు చూద్దాం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. అయినా పరీక్షలు దగ్గరపడగానే ముందుగా ఎగిరిపోయేది ఆటల పీరియడే. తిరుమలకు కాలినడకన వెళ్లేవారు అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతారు. ఆ కొండ నీడలోనే పెరుగుతూ, రెండంతస్తుల మేడ ఎక్కితే ఆయాసపడే పిల్లలను తయారు చేస్తే తప్పెవరిది?

డ్రిల్లు మాస్టరు పని ఈల ఊదడం, ప్రార్థనా సమయంలో వరుసలు సరిచేయడం మాత్రమే కాదు. బడిలో పిల్లవాని దేహాన్ని రోజూ గమనించేది ఆయనే. ఎవరు త్వరగా అలసిపోతున్నారు, ఎవరు నడుము వంగి నిలబడుతున్నారు, ఎవరు ఖాళీ కడుపుతో వచ్చారు, ఎవరి దగ్గర బీడీ వాసన వస్తోంది అన్నది లెక్కల మాస్టరు కంటే ముందు ఆయనకు తెలుస్తుంది. సకాలంలో ఆయన తల్లిదండ్రుల చెవిన వేసే ఒక్క మాట రేపటి రోగాన్ని ఆపవచ్చు. ఆడపిల్లలకు కూడా ఈ హక్కు సమానమే. దైవప్రవక్త (స) తన సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి తెలిసి కూడా ఆడపిల్లలను ఆటలకు దూరం చేయడం ఏ ధర్మం?

తిరుపతిలోనైనా, మదనపల్లెలోనైనా, పుంగనూరులోనైనా బడికి వెళ్లినప్పుడు మార్కుల గురించి అడిగినట్లే ఆటల గురించి కూడా అడుగుదాం. డ్రిల్లు మాస్టరును పలకరిద్దాం. ఆ పీరియడు ఆ పిల్లలదేనని గుర్తుచేద్దాం. రహీం సాబ్‌కు అంతకు మించిన నివాళి లేదు. అల్లాహ్ ఆయనకు జన్నత్‌లో ఉన్నత స్థానం ప్రసాదించుగాక! మన పిల్లలకు ఆరోగ్యాన్ని, వారి దేహాల హక్కును గుర్తించే బుద్ధిని మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.