కొద్దిపాటి జాగాలో పెద్ద ఆట: నేతగాడి కొడుకు టామ్ మోరిస్ కథ

గోల్ఫ్ అనగానే మనకు గుర్తొచ్చేది విశాలమైన పచ్చిక, పెద్ద గేటు, లోపల తిరిగే ఖరీదైన మనుషులు. ఈ రోజుల్లో 18 హోల్స్ ఉన్న కోర్సు వేయాలంటే వంద ఎకరాల పైమాటే. బుల్డోజర్లు, నీటి పైపులు, కోట్ల రూపాయల ఖర్చు. కానీ ఈ ఆటలో మొట్టమొదటి ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరిగిన మైదానం ఇలా తయారైంది కాదు. సముద్రానికీ రైలుపట్టాలకూ మధ్య ఇరుక్కున్న ఇసుక దిబ్బల్లో, ముప్పై ఏళ్ల ఒక పనివాడు కాలినడకన తిరిగి, కళ్లతో కొలిచి దాన్ని గీశాడు. ఆయన పేరు టామ్ మోరిస్. గోల్ఫ్ ఆడేవాళ్లంతా ఓల్డ్ టామ్ అంటారు.

టామ్ 1821 జూన్ 16న స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో పుట్టాడు. తండ్రి జాన్ మోరిస్ చేమగ్గం మీద నేసేవాడు. మిల్లు బట్ట వచ్చాక మగ్గానికి ఏ గతి పట్టిందో మన చేనేత పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు. స్కాట్లాండ్‌లోనూ అదే జరిగింది. మగ్గం ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవని కాలం కాబట్టి కొడుకు వేరే పని వెతుక్కోవాల్సి వచ్చింది. పద్నాలుగేళ్ల వయసులో అలన్ రాబర్ట్‌సన్ దగ్గర పనికి కుదిరాడు. రాబర్ట్‌సన్ గోల్ఫ్ బంతులు చేసే ఉస్తాద్, ఆటలోనూ ఆ రోజుల్లో ఆయనకు సాటి లేదు. టామ్ ముందు షాగిర్ద్‌గా, తర్వాత జీతగాడిగా చాలా ఏళ్లు ఆ దుకాణంలోనే గడిపాడు.

అప్పటి బంతి తోలుతో కుట్టేది. ఒక పెద్ద టోపీ నిండేటన్ని ఈకలను ఉడకబెట్టి, ఆ చిన్న తోలు సంచిలోకి కుక్కి, నోరు కుట్టేసేవాళ్లు. రోజంతా కష్టపడితే మూడు నాలుగు బంతులు తయారయ్యేవి. అందుకే బంతి ధర ఎక్కువ, ఆట ఉన్నవాళ్లది. 1840ల చివర్లో గట్టాపెర్చా బంతి వచ్చింది. అది మలయా వైపు చెట్ల పాలతో చేసే రబ్బరు లాంటి పదార్థం. తూర్పు దేశాల నుంచి పంపిన ఒక విష్ణు విగ్రహం చుట్టూ ప్యాకింగ్‌గా చుట్టిన గట్టాపెర్చాతోనే మొదటి బంతి చేశారని సెయింట్ ఆండ్రూస్‌లో ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా కొత్త బంతి చవక, తడిసినా పాడవదు, దెబ్బ తింటే వేడి చేసి మళ్లీ గుండ్రంగా చేసుకోవచ్చు.

తన వ్యాపారం పోతుందని రాబర్ట్‌సన్ భయపడ్డాడు. ఆ బంతి ముట్టనని టామ్ చేత మాట తీసుకున్నాడు. ఒకరోజు ఆడుతుండగా టామ్ దగ్గర బంతులు అయిపోయాయి. తోటి ఆటగాడు ఇచ్చిన గట్టాపెర్చా బంతితో ఆట పూర్తి చేశాడు. సంగతి ఉస్తాద్ చెవిన పడింది, ఇద్దరికీ చెడింది. టామ్ ఆ దుకాణం వదిలేసి సొంతంగా బంతులు, కర్రలు చేయడం మొదలుపెట్టాడు. కొంతకాలానికి రాబర్ట్‌సన్ కూడా గట్టాపెర్చా బంతులే అమ్మాడు. మార్కెట్ ఎటు పోతుందో దుకాణదారు కంటే పనివాడే ముందు చూశాడన్నమాట.

1851లో పశ్చిమ తీరంలోని ప్రెస్ట్‌విక్ ఊళ్లో కొత్త క్లబ్ పుట్టింది. దాని వెనక ఉన్న పెద్దమనిషి జేమ్స్ ఓగిల్వీ ఫెయిర్లీ టామ్‌ని పిలిపించాడు. మైదానం చూసుకోవాలి, బంతులు, కర్రలు చేయాలి, అన్నిటికంటే ముందు అసలు కోర్సు వేయాలి. భార్య ఆగ్నెస్‌నీ, చంటి కొడుకు టామీనీ తీసుకుని టామ్ అక్కడికి వెళ్లాడు. అంతకు ముందు ఏడాదే వాళ్ల పెద్ద కొడుకు నాలుగేళ్ల వయసులో చనిపోయాడు. అతని పేరూ టామే.

ప్రెస్ట్‌విక్‌లో టామ్‌కి చూపించిన భూమి ఇదీ. ఒక పక్క సముద్రం. మరో పక్క గ్లాస్గో నుంచి ఎయిర్ పట్నానికి వెళ్లే రైలుపట్టాలు. ఉత్తరాన రాతి గోడ. మధ్యలో ఎగుడుదిగుడు ఇసుక దిబ్బలు, అక్కడక్కడా పలచని గడ్డి. నీళ్ల పైపు లేదు, దిబ్బను చదును చేసే యంత్రం లేదు, ఉన్నా దానికి డబ్బు పెట్టేవాళ్లు లేరు.

గోల్ఫ్ తెలియనివాళ్లకు ఒక్క మాట. బంతిని మొదట కొట్టే చోటు టీ. చివర గుంట ఉండే నున్నని గడ్డి గ్రీన్. టీ నుంచి గ్రీన్ దాకా ఉన్న దారి మొత్తాన్ని కలిపి ఒక హోల్ అంటారు. ఒక్కో హోల్ వందల గజాలు ఉంటుంది. బంతి గట్టిది, తగిలితే తల పగులుతుంది, కాబట్టి రెండు దారుల మధ్య ఎడం కావాలి. అలా లెక్క వేసుకుంటూ పోతే ప్రెస్ట్‌విక్ జాగాలో పక్కపక్కన పట్టేవి కొన్ని హోల్సే.

టామ్ పన్నెండు వేశాడు. మొత్తం పొడవు 3,799 గజాలు. మొదటి హోల్ ఒక్కటే 578 గజాలు. ఇంత ఎలా పట్టిందంటే, దారుల్ని ఒకదాని మీదుగా ఇంకొకటి పోయేలా అల్లాడు. నేతగాడి కొడుకు కదా, పడుగూ పేకా ఆయనకు కొత్త కాదు అనుకోవచ్చు. ఒక జట్టు ఉత్తరానికి కొడుతుంటే ఇంకో జట్టు అడ్డంగా దాటేది. ఒకరు కొట్టేదాకా ఇంకొకరు ఆగాలి, కేక వేసి హెచ్చరించాలి. క్లబ్‌లో ఉన్నది కొద్దిమంది సభ్యులే కాబట్టి అది నడిచింది. ఇవాళ అలాంటి ప్లాన్ పట్టుకెళ్తే ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు.

రెండో కిటుకు దిబ్బలదే. తవ్వి పారేయడానికి వీలు కానిదాన్ని ఆటలోకే తెచ్చుకున్నాడు. రెండో హోల్‌లో గ్రీన్‌ని ఒక పెద్ద దిబ్బ వెనక పెట్టాడు. కొట్టేవాడికి గుంట కనబడదు, దిశ గుర్తుపెట్టుకుని దిబ్బ మీదుగా లేపాలి, తర్వాత ఎక్కి చూసుకోవాలి. దానికి ఆల్ప్స్ అని పేరు పెట్టారు. నేటి ప్రెస్ట్‌విక్ కోర్సులో ఇలాంటి ఇంకో దిబ్బ పేరు హిమాలయాస్, ఊళ్లో కూర్చుని ఎంత దూరం ఊహించారో చూడండి. చిన్న జాగాలో ఆడుతున్నా కళ్లకు అడ్డం వచ్చే దిబ్బల వల్ల మైదానం పెద్దదిగా అనిపిస్తుంది. ఒక హోల్ నుంచి పక్క హోల్ కనపడదు. ఎటు వెళ్తున్నామో, ఎంత తిరిగామో ఆటగాడికి లెక్క తెలియదు.

గడ్డి విషయంలోనూ టామ్ అక్కడే నేర్చుకున్నాడు. ఇసుక బండి ఒకటి గ్రీన్ మీద పొరపాటున ఒలికిందనీ, కొన్నాళ్లకు ఆ చోటే గడ్డి దట్టంగా వచ్చిందనీ అంటారు. ఎలా నేర్చుకున్నా, గ్రీన్ మీద పలచగా ఇసుక చల్లడం ఆయన జీవితాంతం వదలని పద్ధతి అయింది. తక్కువ జాగాలో ఆట ఎక్కువైతే మొదట చచ్చేది గడ్డే కదా.

1860 అక్టోబర్ 17న ఈ పన్నెండు హోల్స్ మీదే మొదటి ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఎనిమిది మంది వృత్తి ఆటగాళ్లు, ఒకే రోజు మూడు చుట్లు, మొత్తం 36 హోల్స్. కోర్సు వేసినవాడే గెలుస్తాడని చాలామంది అనుకుని ఉంటారు. విల్లీ పార్క్ 174 దెబ్బల్లో ముగించాడు, టామ్ 176తో రెండో స్థానంలో నిలిచాడు. తర్వాత 1861, 1862, 1864, 1867లో టామ్ గెలిచాడు. 1862లో 13 దెబ్బల తేడాతో గెలిచాడు. పెద్ద పోటీల్లో ఆ తేడాను దాటడానికి 2000లో టైగర్ వుడ్స్ రావాల్సి వచ్చింది. 1867లో గెలిచినప్పుడు టామ్ వయసు 46. అంత వయసులో ఓపెన్ గెలిచినవాళ్లు ఇప్పటికీ ఇంకొకరు లేరు. ఆ మరుసటి ఏడాది నుంచి గెలుపు కొడుకు టామీది. 1868, 1869, 1870 వరసగా మూడేళ్లు గెలిచి, బహుమతిగా ఇచ్చే ఎర్ర తోలు పట్టీని సొంతం చేసుకున్నాడు. ఆ 578 గజాల మొదటి హోల్‌ని 1870లో మూడే దెబ్బల్లో పూర్తి చేశాడు. మళ్లీ 1872లోనూ అతనే.

ఈలోగా టామ్ సొంత ఊరికి తిరిగొచ్చాడు. 1860ల మధ్యలో సెయింట్ ఆండ్రూస్ మైదానం సంరక్షకుడిగా కుదిరాడు. ఏడాదికి 50 పౌండ్ల జీతం, మైదానం ఖర్చుకు ఇంకో 20. ఇచ్చిన సామాను ఒక తోపుడు బండి, ఒక గడ్డపార, ఒక పార. బరువు పనులకు వారానికి రెండు రోజులు ఒక మనిషి సాయం.

ఇక్కడ జాగా సమస్య వేరు. మైదానం పొడవుగా, సన్నగా, చివర వంకీ తిరిగిన పట్టీలా ఉంటుంది. పైగా అది క్లబ్ సొత్తు కాదు, ఊరి ఉమ్మడి భూమి. ఆడవాళ్లు స్విల్కన్ వాగులో బట్టలు ఉతికి అక్కడే ఆరేసుకునేవాళ్లు, జనం షికారు తిరిగేవాళ్లు. ఎవరినీ వెళ్లమనే హక్కు ఎవరికీ లేదు. ఒకే దారిలో వెళ్లేవాళ్లూ తిరిగి వచ్చేవాళ్లూ ఎదురెదురుగా తగిలేవాళ్లు. ఆట పెరిగేకొద్దీ ఇది ప్రమాదంగా మారింది.

ఒకే పెద్ద గ్రీన్ మీద రెండు గుంటలు, ఒకటి పోయేవాళ్లకు, ఒకటి వచ్చేవాళ్లకు అనే పద్ధతి టామ్ రాకముందే అక్కడ మొదలైంది. ఆయన ముళ్ల పొదలు కొట్టించి దారిని వెడల్పు చేశాడు, గ్రీన్లను పెంచాడు, చివరి హోల్‌కి కొత్త గ్రీన్ కట్టాడు. ఇప్పటికీ ఓల్డ్ కోర్సులో ఏడు గ్రీన్లు జంట గ్రీన్లే. పద్నాలుగు హోల్స్‌కి ఏడు గ్రీన్లు సరిపోయాయి. 1870 ప్రాంతంలో మొదటి హోల్‌కి వేరుగా ఒక గ్రీన్ వేయడం చిన్న మార్పులా కనిపిస్తుంది, కానీ అసలు పని చేసింది అదే. అంతకు ముందు ఒక వైపు నుంచే తిరిగే మైదానం ఆ మార్పుతో రెండు వైపులా తిరగడానికి వీలైంది. ఒక వారం ఇటు, ఒక వారం అటు ఆడేవాళ్లు. ఒకే చోట బంతి పడి, ఒకే చోట కాళ్లు తొక్కి గడ్డి చచ్చిపోకుండా వారం వారం విశ్రాంతి దొరికింది. ఒక్క ఎకరం కొనకుండా ఒక మైదానాన్ని రెండు చేశాడు.

ఆదివారం మాత్రం ఆట లేదు. ఆ రోజు గడ్డికి కూడా విశ్రాంతి కావాలన్నది ఆయన పట్టుదల. పెద్ద పోటీలు జరిగే రోజులు తప్పిస్తే ఓల్డ్ కోర్సు ఇప్పటికీ ఆదివారం మూసే ఉంటుంది.

1875 సెప్టెంబర్‌లో తండ్రీకొడుకులు నార్త్ బెర్విక్‌లో పార్క్ సోదరులతో పందెం ఆడుతున్నారు. టామీ భార్య మార్గరెట్ కాన్పు కష్టమైందని టెలిగ్రాం వచ్చింది. రైలు కోసం ఆగకుండా ఒక పడవలో సముద్రం పాయ దాటి బయలుదేరారు. ఇల్లు చేరేసరికి తల్లీబిడ్డా ఇద్దరూ లేరు. అదే ఏడాది క్రిస్మస్ రోజు పొద్దున టామీ మంచంలోనే చనిపోయి కనిపించాడు. అతనికి 24 ఏళ్లు. మరుసటి ఏడాది ఆగ్నెస్ పోయింది. తర్వాతి ముప్పై ఏళ్లలో మిగిలిన ముగ్గురు పిల్లలూ తండ్రి కంటే ముందే వెళ్లిపోయారు.

టామ్ పని ఆపలేదు. రైళ్లు పెరిగి సముద్రతీరపు ఊళ్లకు సెలవుల జనం రావడం మొదలయ్యాక ప్రతి ఊరికీ ఒక కోర్సు కావాల్సి వచ్చింది, అందరూ ఆయన్నే పిలిచారు. మాక్రిహానిష్, డోర్నాక్, ఐర్లాండ్‌లో కౌంటీ డౌన్, లాహించ్. రోజుకి ఒక పౌండు, పైన దారి ఖర్చులు, అంతే ఫీజు. కోర్సు వచ్చాక హోటళ్లూ రైల్వే కంపెనీలూ ఎంత సంపాదించాయో తలచుకుంటే ఆ పౌండు చిల్లరే. అయితే ఆ చిల్లర ఫీజు వల్లే చిన్న చిన్న ఊళ్లు కూడా ఆయన్ను పిలవగలిగాయి.

అన్నీ గొప్పగా వచ్చాయని చెప్పలేం. ఒకటి రెండు రోజుల్లో నడిచి మేకులు పాతి వచ్చేసిన పని కొన్నిచోట్ల నిలవలేదు. 1891లో మ్యూర్‌ఫీల్డ్‌లో రాతి గోడల మధ్య ఉన్న పొలంలో మొదట 16 హోల్సే తెరిచారు, మిగతా రెండు తర్వాత కలిపారు. 1920లలో అదనపు భూమి కొన్నాక హ్యారీ కోల్ట్ దాన్ని చాలావరకు మార్చేశాడు. లాహించ్‌ని కూడా తర్వాత అలిస్టర్ మెకంజీ తిరగ రాశాడు. కానీ లాహించ్‌లో కొండ వెనక దాగిన డెల్ హోల్‌ని మాత్రం ఊరివాళ్లు ముట్టనివ్వలేదు.

డోర్నాక్ నుంచి వచ్చిన డొనాల్డ్ రాస్ అనే వడ్రంగి కుర్రాడు 1890లలో టామ్ దగ్గర పని నేర్చుకున్నాడు. తర్వాత అమెరికా వెళ్లి వందల కోర్సులు వేశాడు.

1903లో టామ్ ఉద్యోగం వదిలాడు. 1908 మేలో సెయింట్ ఆండ్రూస్‌లోని న్యూ గోల్ఫ్ క్లబ్‌లో మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. 87 నిండడానికి మూడు వారాలు తక్కువ. ఓల్డ్ కోర్సు చివరి హోల్‌కి ఆయన పేరే పెట్టారు.

ప్రెస్ట్‌విక్ 1882లో గోడ అవతలి భూమి కలుపుకుని 18 హోల్స్ అయింది. అయినా జాగా చాలలేదు. 1925 ఓపెన్‌కి వచ్చిన జనాన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. ఆటగాళ్లకు దారి దొరకలేదు, గెలుస్తాడనుకున్న మాక్ స్మిత్ ఆ గుంపులో చిక్కుకుని చివరి రోజు పూర్తిగా చెడాడు. ఆ తర్వాత ఓపెన్ మళ్లీ అక్కడికి రాలేదు. క్లబ్ భవనం దగ్గర మొదటి టీ ఉన్న చోట రాళ్లు పేర్చి గుర్తు పెట్టారు. టామ్ దిబ్బ వెనక దాచిన ఆల్ప్స్ గ్రీన్ ఇప్పుడు 17వ హోల్‌ది.