అరచేతి ఆటపెట్టె చేసిన యోకోయ్ గారు

గొప్పవాళ్ళ జీవితం రాయమంటే మనం రాజుల గురించో, నాయకుల గురించో రాస్తుంటాం. ఈసారి నేను ఒక రిపేరు పనివాడి గురించి రాస్తున్నాను. ఆయన పేరు గున్‌పెయ్ యోకోయ్.

ఆయన 1941 సెప్టెంబరు 10న జపాన్‌లోని క్యోటో నగరంలో పుట్టారు. దోషిషా విశ్వవిద్యాలయంలో చదువుకుని 1965లో నింటెండో కంపెనీలో చేరారు. ఆ కంపెనీ అప్పట్లో పూలబొమ్మల పేకముక్కలు చేసేది. ఆ యంత్రాలు ఆగిపోకుండా చూసుకోవడమే ఈయన పని. ఖాళీ దొరికినప్పుడు సరదాకి ఒక వస్తువు చేసుకున్నారు. అది కత్తెర మడతల్లాగా ముందుకు సాగే చెయ్యి. కూర్చున్నచోటు నుంచే దూరంగా ఉన్నదాన్ని పట్టుకోవచ్చు. అది కంపెనీ అధ్యక్షుడు యమౌచి గారి కంట పడింది. ఆయన కోప్పడలేదు సరికదా, దాన్నే బొమ్మగా చేయమన్నారు. 1966లో అల్ట్రా హ్యాండ్ అనే పేరుతో వచ్చి 10 లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

తర్వాత ఒకరోజు బుల్లెట్ రైల్లో ఒక ప్రయాణికుడు ఊసుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం యోకోయ్ గారు చూశారు. కాలిక్యులేటర్ తెరలు అప్పటికే చవకైపోయాయి. వాటితోనే 1980లో గేమ్ అండ్ వాచ్ అనే చిన్న ఆటపెట్టెలు వచ్చాయి. 1982లో కూడిక గుర్తులాంటి మీట పెట్టారు. నాలుగు వైపులకీ ఒక్క బొటనవేలు చాలన్నమాట.

1989లో ఆయన బృందం గేమ్ బాయ్‌ని తెచ్చింది. రంగులు లేవు, తెర వెనక లైటు లేదు. పోటీ కంపెనీలు రంగుల తెరలు పెట్టాయి గానీ, వాటికి ఆరు బ్యాటరీలు వేసినా కొన్ని గంటల్లోనే అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా ఆడేది. అందరికీ బాగా తెలిసిన, చవకైన భాగాల్నే కొత్తగా వాడాలన్నది ఆయన పద్ధతి. గేమ్ బాయ్, ఆ తర్వాతి గేమ్ బాయ్ కలర్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

అన్నీ గెలుపులే కాదు. 1995లో వచ్చిన వర్చువల్ బాయ్‌లో అంతా ఎర్రగానే కనిపించేది. జనం కొనలేదు. 1996లో ఆయన నింటెండో వదిలి కోటో అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 56 ఏళ్ళే.

ఆయన పోయినా ఆ పెట్టెలు మాత్రం ఇంకా బతుకుతున్నాయి. పాత గేమ్ బాయ్‌లు విప్పి బాగుచేసేవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. తెర మీద నిలువు గీతలు మాయమైతే, తెర కింది పట్టీ మీద వేడి ఐరన్‌ని మెల్లగా నడిపిస్తారు. ఊడిన అతుకు మళ్ళీ అంటుకుంటుంది. లేని లైటుని కూడా పెడతారు. తెర వెనకున్న మెరిసే పొరని ఒలిచి, పలుచని లైటు పలక దూర్చి, దాని రెండు తీగల్ని బోర్డుకి సోల్డర్ చేస్తారు.

ఆ పని చూడ్డానికి చిన్నదే గానీ ఓపిక కావాలి. కొన్ని మార్పులకి వాడే తీగ పావు మిల్లీమీటరు మందమే ఉంటుంది. ముందు ఐరన్ మొనని తడి స్పాంజికి తుడవాలి. అతికించే చోట కొంచెం ఫ్లక్స్ రాయాలి. తీగ, బోర్డు మీది రాగి చుక్క రెండూ కలిసి వేడెక్కాక సోల్డర్ తాకించాలి. 63 వంతులు తగరం, 37 వంతులు సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది. ఎక్కువసేపు ఐరన్ ఆనిస్తే రాగి లేచిపోతుంది. సోల్డర్ ఎక్కువైతే పక్క కాలుకి అంటుకుని షార్ట్ అవుతుంది. రెండూ వేడెక్కకుండా పోస్తే అతికినట్టే ఉండి తర్వాత ఊడొస్తుంది. పొగ పీల్చకూడదు, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. మనలాంటివాళ్ళు పెద్దలు దగ్గరుంటేనే చేయాలి.

రిపేరు పని అంటే మనలో కొందరికి చిన్నచూపు. బాగా చదవనివాళ్ళే ఐ.టి.ఐ.కి పోతారంటారు. నేను ఒప్పుకోను. యంత్రం ఎందుకు ఆగిందో కనుక్కోవడం కూడా చదువే. యోకోయ్ గారు అక్కడే మొదలుపెట్టారు. పదో తరగతి అయ్యాక నేను ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్స్ తీసుకుంటాను. వార్డెన్ సార్ కూడా ఇది చదివి మా నాన్నకి ఒక మాట చెప్పాలని కోరుతున్నాను.